పెద్దపేగు పూత: ఏళ్ల తరబడి మందులు వాడితే భయమా, మానేస్తే భయమా?

మీ ప్రశ్న – డాక్టర్ జవాబు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మావారికి 41 ఏళ్లు, లారీ నడుపుతారు. మామిడి కాలంలో తోతాపురి కాయలు చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలతారు, మిగతా రోజుల్లో చెన్నై, బెంగళూరు లోడ్లు. తొమ్మిదేళ్ల కిందట రక్తంతో విరేచనాలు మొదలైతే లోపల గొట్టం వేసి చూసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. పెద్దపేగంతా పుండు పడిందన్నారు. అప్పటి నుంచి మెసలమైన్ మాత్రలు, రెండేళ్లుగా అజాథయోప్రిన్ కూడా వాడుతున్నారు. తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడల్లా పాత చీటీ చూపించి మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకుంటారు. నాలుగు రోజుల్లో రక్తం ఆగుతుంది, ఆపేస్తారు. ఈ ఏడాదిలోనే ఇలా మూడుసార్లయింది. ఇప్పుడు డాక్టరు టోఫాసిటినిబ్ మాత్రలు గానీ, వెడోలిజుమాబ్ సెలైన్‌లో గానీ ఇవ్వాలంటున్నారు. టోఫాసిటినిబ్‌తో గుండెపోటు, క్యాన్సర్ వస్తాయని మా మరిది ఫోన్లో చూసి చెప్పాడు. ఇన్నేళ్లు మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి, ఒక మండలం ఆకు పసరు తాగించమని మా అత్తగారు అంటారు. కంపెనీల వాళ్లు చెప్పే లెక్కలు మాలాంటి వాళ్లకు సరిపోతాయా? బాగున్నప్పుడైనా మందులు మానొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ సోదరి, పాకాల మండలం

జవాబు: అమ్మా, మీ ఇంట్లో అందరూ మెసలమైన్‌కీ టోఫాసిటినిబ్‌కీ భయపడుతున్నారు. చీటీ చూపించి తెచ్చుకునే ఆ స్టెరాయిడ్ గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. మీరు రాసిన మందులన్నింటిలో నన్ను కంగారు పెట్టింది అదే. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేననను. 1955లో ఇంగ్లండ్‌లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బుకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. అంతకుముందు జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్లలో చాలామంది చనిపోయేవారు, ఆ మందుతో ఎంతోమంది బతికారు. ఇవాళ్టికీ జబ్బు గట్టిగా తిరగబెడితే మేమూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తాం. మామూలుగా రోజుకు 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, కాస్త నెమ్మదించాక వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తూ రెండు నెలల్లో ఆపేస్తాం. అది మంటను ఆర్పుతుంది గానీ, మళ్లీ రాకుండా కాపాడే శక్తి దానికి లేదు. నాలుగు రోజులు వాడి ఆపేస్తే రక్తం కనపడకుండా పోతుంది, పుండు అలాగే ఉంటుంది. అందుకే రెండు మూడు నెలలకు మళ్లీ తిరగబెడుతోంది.

ఇలా ఏళ్ల తరబడి సాగితే షుగరు, బీపీ వస్తాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. తుంటి ఎముకకు రక్తం అందక అది కుళ్లిపోయి, ముప్పై ఐదేళ్లకే కర్ర పట్టుకుని నడిచేవాళ్లను నా ఓపీలో చూశాను. క్లచ్ తొక్కే కాలితో బతికే మనిషికి తుంటి పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే గ్రంథులు అప్పటికి నిద్రపోయి ఉంటాయి, మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఏడాదిలో రెండోసారి స్టెరాయిడ్ అవసరమైందంటే, రోజూ వాడే వైద్యం చాలడం లేదని అర్థం. మీ డాక్టరు మందు మారుస్తాననడం సరైన మాటే. ఆయన మీద అనుమానం పెట్టుకోకండి.

ఇక మీ అత్తగారి భయం. ఆ తల్లి కొడుకు కోసమే అంటోంది, కొట్టిపారేయను. మెసలమైన్ వల్ల కిడ్నీ దెబ్బతినడం ఉంది, కాకపోతే చాలా అరుదు. అది కూడా ముందుగా కనిపెట్టి మందు ఆపితే చాలావరకు కోలుకుంటుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు ఇంకోసారి, ఆ తర్వాత ఏటా రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఏ ఊళ్లోని ల్యాబులోనైనా చేస్తారు. ఈ జబ్బుకు ఏళ్ల తరబడి వాడే మందుల్లో ఇంత నెమ్మదైనది ఇంకోటి లేదు.

మందు నెమ్మదైనదే గానీ, వాడకంలోనే లోపం వస్తుంది. 2003లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మెసలమైన్‌తో కుదుటపడిన కొద్దిమందిని రెండేళ్లు గమనించారు. మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్లలో 89 శాతం మంది బాగానే ఉన్నారు, ఎగ్గొట్టినవాళ్లలో బాగున్నది 39 శాతమే. మందు ఒకటే, మనుషులే వేరు. నా దగ్గరకు వచ్చేవాళ్లను ఖాళీ స్ట్రిప్పులు దాచి తెమ్మంటాను. పూటపూటకూ వేసుకుంటున్నానని నోటితో చెప్పేవాళ్ల సంచిలో నెలకు సగం స్ట్రిప్పులే ఉంటాయి. నేను కోప్పడను. లోడుతో నెల్లూరు దాటాక మధ్యాహ్నం మాత్ర ఎవరికి గుర్తుంటుంది? అయితే రోజుకు మూడుసార్లు వేసుకోవాలనే నియమమేమీ లేదు. మెసలమైన్ రోజు మోతాదంతా ఒకేసారి వేసుకున్నా, విడగొట్టి వేసుకున్నంత బాగా పనిచేస్తుందని పరీక్షించి తేల్చారు. మీ డాక్టరును అడిగి పొద్దున బండెక్కే ముందే మొత్తం వేసుకునేలా మార్పించండి. అలాగే మలద్వారం గుండా ఎక్కించుకునే ఎనిమా గురించి మీరు రాయలేదు. మగవాళ్లు సిగ్గుపడి దాన్ని పక్కన పడేస్తారు. మాత్రతోపాటు ఎనిమా కూడా వాడితే ఒట్టి మాత్ర కన్నా బాగా పనిచేస్తుంది. ఈ జబ్బు ఆసనం దగ్గర మొదలై పైకి పాకేది కాబట్టి మందు నేరుగా అక్కడికే చేరుతుంది. రాత్రి పడుకునే ముందు, ఎడమ పక్కకు ఒత్తిగిలి.

అజాథయోప్రిన్ సంగతికొస్తే, దాంతో జాగ్రత్తగా ఉండాల్సిందే. పని మొదలుపెట్టడానికే మూడు నెలలు పడుతుంది. కొందరిలో తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, ఆ తేడా మన దేశంలో కొత్తేమీ కాదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలితే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. రెండేళ్లు దాటినా మూడు నెలలకోసారి రక్తకణాల లెక్క చూడాలి. గౌటు కోసం వాడే అల్లోప్యూరినాల్‌ను దీంతో కలిపి, డాక్టరుకు చెప్పకుండా వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఈ మందు వాడుతున్నట్టు ఒక చీటీ మీద రాసి లైసెన్సుతోపాటు జేబులో పెట్టమనండి.

క్యాన్సర్ అన్నారు కదా. ముందు ఈ అజాథయోప్రిన్ సంగతే చూద్దాం. 2017లో ఫ్రాన్స్ వాళ్లు పేగుపూత జబ్బులున్న 1,89,289 మంది రికార్డులు చూశారు. మందును పరీక్షించే ట్రయల్‌లో ఏరుకున్న మనుషులు కారు వీళ్లు, ఆ దేశపు ఆరోగ్య బీమా లెక్కల్లో ఉన్న మామూలు జనం. లింఫోమా అనే రక్త సంబంధ క్యాన్సర్, ఈ మందులేవీ వాడనివాళ్లలో ఏడాదికి పదివేల మందికి ఇద్దరు ముగ్గురికి వచ్చింది. అజాథయోప్రిన్ రకం మందు ఒక్కటే వాడినవాళ్లలో అయిదారుగురికి, దాంతోపాటు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ కూడా వాడినవాళ్లలో తొమ్మిది పదిమందికి. ‘రెండింతలు పెరిగింది’ అని ఫోన్లో చదివితే గుండె జారిపోతుంది. పదివేల మందిలో ముగ్గురు అదనం అని చదివితే మనిషి ఆలోచించగలడు. రెండూ నిజాలే. మీ మరిదికి ఈ రెండో లెక్క కూడా చూపించండి.

టోఫాసిటినిబ్ మీద వచ్చిన హెచ్చరిక కూడా అబద్ధం కాదు. అయితే అది ఎవరిలో కనపడిందో చూడాలి. 2022లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా కీళ్లవాతం రోగులు, 50 ఏళ్లు దాటినవాళ్లు, అందరికీ గుండెజబ్బుకు దారితీసే కారణం కనీసం ఒకటి ఉంది. దాదాపు నాలుగేళ్లు గమనిస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతానికి, పోల్చిచూసిన ఇంజెక్షన్లు వాడినవాళ్లలో 2.5 శాతానికి వచ్చాయి. క్యాన్సర్లు 4.2, 2.9 శాతం. మీవారికి 41. మరి బీడీ, సిగరెట్ ఉందా? బీపీ? షుగరు? తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా? కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఎప్పుడైనా జరిగిందా? గంటల తరబడి సీట్లో కూర్చునే పని కాబట్టి ఆ చివరి ప్రశ్న ముఖ్యం. వీటన్నింటికీ ‘లేదు’ అనే జవాబైతే ఆ హెచ్చరిక ఆయనకు నేరుగా తగలదు. రెండింటికి ‘అవును’ అయితే నేనైతే వెడోలిజుమాబ్ వైపే మొగ్గుతాను.

టోఫాసిటినిబ్ పనిచేస్తుందా అంటే, మొదటి ఎనిమిది వారాల్లో గుణం కనపడ్డవాళ్లనే తీసుకుని ఏడాది నడిపిన ట్రయల్‌లో, పూటకు 5 మి.గ్రా. చొప్పున రెండు పూటలా వేసుకున్నవాళ్లలో 34 శాతం, 10 మి.గ్రా. వాళ్లలో 41 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 11 శాతం మంది పూర్తిగా కుదుటపడ్డారు. వెడోలిజుమాబ్ ట్రయల్ కూడా ఇలాగే నడిచింది. ఏడాది చివర దాదాపు 42 శాతం, ఉత్తుత్తి మందుతో 16 శాతం. మందు పనిచేస్తుందనడానికి ఇది గట్టి రుజువే. గుణం కనపడ్డవాళ్లలోనూ సగానికి పైగా మంది పూర్తిగా కుదుటపడలేదన్నదీ అంతే నిజం. అందుకే ఎనిమిది వారాలకు, మహా అయితే పదహారు వారాలకు గుణం లేకపోతే ఆ మందు ఆపి ఇంకోటి చూడాలి. డబ్బు పోస్తూ కూర్చోకూడదు. టోఫాసిటినిబ్‌లో మన దేశపు కంపెనీల మాత్రలు రావడంతో ధర దిగింది. వెడోలిజుమాబ్ మాత్రం మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆపైన రెండు నెలలకోసారి ఎక్కించాలి, ఖర్చు ఎక్కువ. చేతిలో ఎంత ఉందో డాక్టరు దగ్గర మొహమాటం లేకుండా చెప్పండి. సగంలో ఆపేసే ఖరీదైన మందు కన్నా ఏళ్ల తరబడి కొనగలిగే మందే మేలు.

ట్రయల్ లెక్కలు మాలాంటి వాళ్లకు సరిపోతాయా అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. మా డాక్టర్ల మీటింగుల్లోనూ ఇదే చర్చ. ట్రయల్‌లోకి ముసలివాళ్లను, కిడ్నీ, లివరు జబ్బులున్నవాళ్లను, క్యాన్సర్ వచ్చిపోయినవాళ్లను సాధారణంగా తీసుకోరు. మందు ఉచితంగా ఇస్తారు, ఫోన్ చేసి గుర్తుచేస్తారు, రక్తపరీక్షలు వాళ్లే చేస్తారు. మీవారికి అవేవీ ఉండవు. కాబట్టి ట్రయల్‌లో వచ్చిన ఫలితం మీ ఇంట్లోనూ రావాలంటే, అక్కడ నర్సు చేసిన పని ఇక్కడ మీరో మీ పిల్లలో చేయాలి. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏ రక్తపరీక్ష, ఎన్నిసార్లు విరేచనం, రక్తం పడిందా లేదా, అంతే.

ట్రయల్ జరిగిన చాలా దేశాలకూ మనకూ ఉన్న పెద్ద తేడా టీబీ. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రాణంగా ఉంటుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు పడగానే అది లేస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లతో ఈ ముప్పు ఎక్కువ, టోఫాసిటినిబ్‌తోనూ ఉంది. వెడోలిజుమాబ్ ప్రధానంగా పేగులోనే పనిచేస్తుంది కాబట్టి ముప్పు తక్కువ. ఏది మొదలుపెట్టినా ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం చర్మపరీక్షో రక్తపరీక్షో, హెపటైటిస్ బీ పరీక్ష చేయించాలి. నిద్రాణ టీబీ తేలితే దానికి మందు మొదలుపెట్టి, కనీసం ఒక నెల గడిచాక ఈ మందు వేస్తాం. టోఫాసిటినిబ్ వాడేవాళ్లకు నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీలా మంటతో పొక్కులు లేచే అక్కి కూడా ఎక్కువగా వస్తుంది. దానికి టీకా ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది, వీలైతే ముందే వేయించండి. కొలెస్ట్రాల్ రెండు నెలల్లో ఒకసారి చూడాలి. టోఫాసిటినిబ్ మొదలుపెడితే అజాథయోప్రిన్ ఆపేయాలి, రెండూ కలిపి వాడరు.

మీ ఉత్తరంలో అసలు లేని విషయం ఒకటుంది. తొమ్మిదేళ్ల కిందట గొట్టం వేసి చూసే కొలనోస్కోపీ చేశారన్నారు, ఆ తర్వాత మళ్లీ చేసినట్టు ఎక్కడా రాయలేదు. పేగంతా పూత ఉన్నవాళ్లకు లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు, జబ్బు నెమ్మదిగా ఉన్న సమయం చూసి కొలనోస్కోపీ చేసి క్యాన్సర్ ఛాయలేమైనా ఉన్నాయా అని వెతకాలి. పేగు ఎలా ఉందన్న దాన్ని బట్టి ఏడాదికో, రెండు మూడేళ్లకో, అయిదేళ్లకో మళ్లీ చేయాలి. ఏళ్ల తరబడి మండే పేగులోనే క్యాన్సర్ పుట్టే అవకాశం ఎక్కువ. మందు వల్ల వస్తుందేమోనని మీరు భయపడుతున్న క్యాన్సర్ కన్నా, మందు సరిగ్గా వాడక మండుతూనే ఉండే పేగులో వచ్చే క్యాన్సర్‌కే నేను భయపడతాను. లీవు దొరకలేదు, సీజన్ అయిపోనీ అని వాయిదా వేయనివ్వకండి. ఈసారి వెళ్లినప్పుడు మొదట ఇదే అడగండి.

బాగున్నప్పుడు మానొచ్చా అన్న దానికి జవాబు ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. మానకూడదు. మోతాదు తగ్గించడం, రెండు మందుల్లో ఒకటి తీసేయడం అనేవి పేగు లోపల మానిందని చూశాక, డాక్టరుతో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయాలు. రక్తం ఆగినంత మాత్రాన పుండు మానినట్టు కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో ఆ సంగతి కొంతవరకు తెలుస్తుంది, ప్రతిసారీ గొట్టం వేయక్కర్లేదు.

పసరు మాట. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయను. పసుపులోని కర్క్యుమిన్‌ను మెసలమైన్‌తో కలిపి ఇస్తే కొందరికి మేలు జరిగిందని మంచి అధ్యయనాలే ఉన్నాయి. కానీ ఏముందో తెలియని పొడులు, పసర్లు వేరు. కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి, కొన్నింటిలో స్టెరాయిడే కలుపుతారు. నాలుగు రోజుల్లో రక్తం ఆగిపోయిందని మురిసిపోతే, అది మళ్లీ ఆ పాత స్టెరాయిడ్ మాత్రే కావచ్చు. అత్తగారికి ఇదే చెప్పండి, నా మాటగా చెప్పండి.

లారీ వాళ్లకు నడుంనొప్పి తప్పదు. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఈ జబ్బును తిరగబెట్టించగలవు. పారాసిటమాల్ వాడమనండి. తిండి విషయంలో జబ్బు నెమ్మదిగా ఉన్నప్పుడు సంగటి, పప్పు, పెరుగు, ఆకుకూర ఏవీ మాన్పించక్కర్లేదు. విరేచనాలు ఎక్కువైన రోజుల్లో మాత్రం పీచు, కారం తగ్గించి మెత్తటి అన్నం పెట్టండి. రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ రక్త విరేచనాలై, దాంతోపాటు జ్వరం గానీ, నాడి నిమిషానికి 90 దాటడం గానీ ఉంటే ఆ రోజే తిరుపతి రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరు పెద్దాసుపత్రికో, ఏది దగ్గరైతే దానికి తీసుకెళ్లండి. షాపుకు కాదు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అజాథయోప్రిన్ వాడుతున్నాను. ఏడాదిగా రక్తం లేదు. పిల్లలు కావాలనుకుంటున్నాం. మందులన్నీ ఆపేయమని మా అమ్మ పట్టుబడుతోంది.
– శ్రీకాళహస్తి నుంచి ఓ పాఠకురాలు

జవాబు: ఆపకండమ్మా. ఏడాదిగా నెమ్మదిగా ఉందంటే గర్భం ధరించడానికి ఇదే మంచి సమయం. కడుపుతో ఉన్నప్పుడు జబ్బు తిరగబెడితే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం వంటివి జరుగుతాయి. ఈ రెండు మందులతో వచ్చే ముప్పు కన్నా ఆ ముప్పే పెద్దది. ఇన్నేళ్ల అనుభవంలో ఈ రెండింటినీ గర్భంలో కొనసాగించవచ్చనే నిపుణులు తేల్చారు. పేగు జబ్బు డాక్టరు, కాన్పు డాక్టరు ఇద్దరూ కలిసి చూడాలి. టోఫాసిటినిబ్, మిథోట్రెక్సేట్ మాత్రం గర్భంలో పనికిరావు, ఎవరైనా మారుద్దామంటే పిల్లలు కావాలనుకుంటున్న సంగతి ముందే చెప్పండి. మీ భర్తకు కూడా ఏదైనా జబ్బుకు సల్ఫాసలజిన్ వాడుతుంటే చెప్పండి, అది వీర్యకణాల్ని తగ్గిస్తుంది, ఆపితే మళ్లీ మామూలవుతాయి. మరొకటి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మాయ గుండా బిడ్డకు చేరి కొన్ని నెలలు ఒంట్లో ఉంటుంది. మన దగ్గర బిడ్డ పుట్టగానే బీసీజీ టీకా వేసేస్తారు, అది బతికున్న క్రిమితో చేసేది. కాబట్టి దాన్ని కనీసం ఆరు నెలలు వాయిదా వేయాలి. ఆస్పత్రి ఫైలు మొదటి పేజీ మీద ‘బిడ్డకు బీసీజీ ఇప్పుడే వద్దు, పిల్లల డాక్టరును అడగాలి’ అని ఎర్ర సిరాతో రాయించుకోండి. కాన్పు రోజు మీ పక్కన ఉండే మీ అమ్మగారికి కూడా ఆ మాట ముందుగానే చెప్పి ఉంచండి.